ఆ మైకు పిల్లాడి చేతికి ఇవ్వాల్సింది కాదు

గత నెల మన సంఘం సర్వసభ్య సమావేశానికి వచ్చినవాళ్ళకి ఆ పది నిమిషాలు గుర్తుండే ఉంటాయి. కోశాధికారి గారు లెక్కలు చదివాక, వందన సమర్పణకు ముందు, 'ఇతర అంశాలు' అన్న చోట మన వీడియో ఛానల్ సంగతి వచ్చింది. పిల్లల నాటకాలు, పద్యాల పోటీలు, పెద్దవాళ్ళ ప్రసంగాలు పదకొండేళ్ళుగా దాచుకున్న ఛానల్ అది. ఒక శనివారం రాత్రి దాని పేరు మారిపోయింది, బొమ్మ మారిపోయింది, మన వీడియోలన్నీ మాయమయ్యాయి. వాటి బదులు, క్రిప్టో పంపితే రెట్టింపు చేసి ఇస్తామంటూ ఏదో లైవ్ నడవడం మొదలైంది. నాలుగు రోజులకు గానీ ఛానల్ మన చేతికి రాలేదు. కొన్ని వీడియోలు ఇప్పటికీ దొరకలేదు.

ఎలా జరిగిందో అప్పటికే అందరికీ తెలుసు. ఛానల్ బాధ్యత చూసే కార్యవర్గ సభ్యుడి ఇంట్లో, ఆయన లాగిన్ అయి ఉన్న కంప్యూటర్‌లోనే, ఆయన పదమూడేళ్ళ కొడుకు ఒక గేమ్ చీట్ (ఆటలో అడ్డదారిన గెలిపించే ప్రోగ్రామ్) డౌన్‌లోడ్ చేశాడు. అది చీట్ కాదు, దొంగ.

ఆ ముక్క చెప్పి ముందుకు వెళ్ళిపోతే సరిపోయేది. వెనక వరసలోంచి ఎవరో "అబ్బాయినే చెప్పమనండి" అన్నారు. తండ్రి ముఖం ఎర్రబడింది. కొడుకు భుజం పట్టుకుని వేదిక మీదికి తీసుకొచ్చి మైకు చేతిలో పెట్టారు. వాడు "సారీ అంకుల్, సారీ ఆంటీ" అన్నాడు. ఆ తర్వాత గొంతు పెగల్లేదు. మైకు రెండు చేతులతో పట్టుకుని, స్విచ్‌ను బొటనవేలితో పైకీ కిందకీ జరుపుతూ నిలబడ్డాడు. ఆ టక్ టక్ హాలంతా వినిపించింది. కొందరు నవ్వారు. "దొంగ సరుకు కోసం పోతే దొంగే దొరుకుతాడు" అని ఒకాయన గట్టిగానే అన్నారు. దానికి చప్పట్లు కూడా పడ్డాయి.

మూడో వరసలో కూర్చుని నేను నోరు విప్పలేదు. ఆ రోజు లేచి చెప్పాల్సినవి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ పిల్లాడు చేసిందేమిటో సరిగ్గా చెప్పుకుందాం. సభలో అది 'ఏదో వైరస్' అని తేల్చేశారు. నా ఉద్యోగం కంప్యూటర్ సపోర్ట్‌లో కాబట్టి, ఛానల్ పోయిన మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి ఆ కంప్యూటర్‌ను మొత్తం చెరిపి మళ్ళీ సిద్ధం చేసింది నేనే. పిల్లాడు నా పక్కనే కూర్చుని ఏం చూశాడో, ఏం నొక్కాడో వరసగా చెప్పాడు. ఒక్కటీ దాచలేదు.

వాడు ఆడేది షూటింగ్ గేమ్. గోడ వెనక దాక్కున్న ప్రత్యర్థులు కూడా కనబడే చీట్ ఉందని ఒక వీడియోలో చూశాడు. అందులో ఎవరో చక్కగా ఆడి చూపిస్తున్నారు. కింద "పని చేస్తోంది బ్రో", "చాలా థ్యాంక్స్" అని వరసగా కామెంట్లు, వేల లైకులు. లింకు నొక్కితే జిప్ ఫైలు వచ్చింది. దానికి పాస్‌వర్డ్ ఉంది, ఆ పాస్‌వర్డ్ కూడా వీడియో కిందే రాసి పెట్టారు. లోపల చిన్న నోట్ ఉంది: ముందు యాంటీవైరస్ ఆపేయండి, చీట్‌లన్నిటినీ అది వైరస్ అనే అనుకుంటుంది, కంగారు పడకండి, తర్వాత అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి.

ఇందులో ప్రతి ముక్కా ఆలోచించి పెట్టిందే. ఆ పాస్‌వర్డ్ భద్రత కోసం కాదు. తాళం వేసిన ఫైలు లోపల ఏముందో దారిలో ఉన్న స్కానర్లు చూడలేవు, అందుకు. యాంటీవైరస్ గురించి చెప్పింది పూర్తి అబద్ధమూ కాదు, పిల్లలు నమ్మేది అందుకే. నిజంగా పనిచేసే చీట్ కూడా గేమ్ మెమరీలోకి చొరబడి దాన్ని మారుస్తుంది కాబట్టి యాంటీవైరస్ దాన్నీ అనుమానిస్తుంది. ఆ సంగతి గేమ్‌లు ఆడే పిల్లలందరికీ తెలుసు. ఒక నిజాన్ని అడ్డం పెట్టుకుని తలుపు తీయించారు.

వాడు రన్ చేశాడు. ఒక నల్ల కిటికీ కనబడి మాయమైంది, తర్వాత 'మీ విండోస్ వెర్షన్‌కు ఇది సరిపోదు' అని ఒక పెట్టె వచ్చింది. పని చేయలేదనుకుని ఫైలు డిలీట్ చేసి, యాంటీవైరస్ మళ్ళీ ఆన్ చేసి పడుకున్నాడు. బుద్ధిగా ఆన్ చేశాడు కూడా! కానీ ఆ కొద్ది సేపట్లోనే బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు, గేమ్‌లు ఆడే పిల్లలు కబుర్లు చెప్పుకునే డిస్కార్డ్‌లో వాడి ఖాతా తాళం అన్నీ మూటకట్టుకుని వెళ్ళిపోయాయి.

"ఓటీపీ పెట్టుకున్నాం కదా, మరి ఛానల్ ఎలా పోయింది" అని సభలో ఒకరు అడిగారు, ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు కుకీలో ఉంది. ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లోపలికి వచ్చాక, వీళ్ళు ముందే వచ్చినవాళ్ళు అని గుర్తుపట్టడానికి సైటు మన బ్రౌజర్‌లో ఒక చీటీ దాస్తుంది. హాల్లోకి వచ్చినవాళ్ళ చేతి మీద వేసే ముద్ర లాంటిది. ఆ చీటీని కాపీ చేసుకున్నవాణ్ణి మళ్ళీ గుమ్మం దగ్గర ఎవరూ ఆపరు, ఓటీపీ అడగరు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ చీటీ ప్రతిసారీ చెల్లకుండా పోదు కూడా. అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయించాలి, అదీ వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి.

ఇది మన పిల్లాడు ఒక్కడికి జరిగింది కాదు. రెడ్‌లైన్ అనే ఇలాంటి ప్రోగ్రామ్ 2020లో బయటికొచ్చింది. దాన్ని తయారు చేసినవాడు దొంగతనానికి వెళ్ళేవాడు కాదు, నెలవారీ చందాకు అద్దెకిచ్చేవాడు. అద్దెకు తీసుకున్నవాళ్ళు చీట్ అనీ, క్రాక్ (డబ్బు కట్టకుండా నడిచేలా తాళం విరగ్గొట్టిన సాఫ్ట్‌వేర్) అనీ పేరు పెట్టి వదిలేవాళ్ళు. 2024 అక్టోబరులో డచ్ పోలీసులు, మరికొన్ని దేశాల పోలీసులు కలిసి దాని సర్వర్లను స్వాధీనం చేసుకున్నారు. అప్పటికే లుమ్మా అనేది ఆ చోటుకు వచ్చేసింది. 2025 మార్చి మధ్య నుంచి మే మధ్య వరకు, ఆ రెండు నెలల్లోనే లుమ్మా సోకిన విండోస్ కంప్యూటర్లు 3,94,000కు పైగా కనబడ్డాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. 2022లో కాస్పర్‌స్కీ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన ఇలాంటి ప్రోగ్రామ్‌ల మూట ఒకటైతే, దొంగిలించిన కుకీలతో బాధితుడి సొంత యూట్యూబ్ ఛానల్‌లోకే దూరి, అక్కడ తన చీట్ వీడియోను తనే ఎక్కించేది. అంటే మోసపోయిన పిల్లాడి పేరుతోనే తర్వాతి పిల్లాడికి వల పడుతుంది. 2025లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ఇలాంటి వీడియోలు 3,000కు పైగా పట్టించింది. వాటి కింద మెచ్చుకుంటూ కామెంట్లు పెట్టడానికీ, లైకులు కొట్టడానికీ విడిగా ఖాతాలు ఉన్నాయట. "పని చేస్తోంది బ్రో" అన్నది ఎవరో ఇప్పుడు అర్థమైంది కదా.

పెద్దవాళ్ళం మనం కూడా నలుగురు బాగుందన్నది చూసే కదా నమ్ముతాం. పదమూడేళ్ళవాడు నమ్మడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇంత గట్టిగా రాయడానికి మా ఇంట్లో జరిగింది కూడా ఒక కారణం. ఇది మా వారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా వాడికి అప్పుడు పదకొండేళ్ళు. రోబ్లాక్స్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడేవాడు. చాట్‌లో ఎవరో ఉచితంగా రోబక్స్ (ఆ గేమ్‌లో చెల్లే డబ్బు) ఇప్పిస్తానని, బ్రౌజర్‌లో ఫలానా చోట తెరిచి ఫలానా గీత, అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగు వరస, కాపీ చేసి పంపమన్నారు. పైన చెప్పిన కుకీ చీటీ అదే. ఆ గీత మొదట్లోనే, దీన్ని ఎవరికీ ఇవ్వొద్దు, ఇస్తే నీ పేరుతో లాగిన్ అయి నీ రోబక్స్, నీ వస్తువులు దొంగిలించగలరు అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉంటుంది. మా వాడు ఆ హెచ్చరికతో సహా కాపీ చేసి పంపాడు. రెండేళ్ళు కష్టపడి కూడబెట్టుకున్నవన్నీ, టోపీలు, రెక్కలు, ఒక కత్తి, ఊడ్చుకుపోయాయి.

మూడు వారాలు మాకు తెలియదు. వాడు గేమ్ ముట్టుకోవడం మానేశాడు. బడి నుంచి రాగానే గదిలోకి వెళ్ళి పుస్తకం పట్టుకునేవాడు. నేను ఎంత సంతోషించానో చెప్పలేను. "మా వాడు గేమ్‌లు వదిలేశాడు" అని మీలో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ మూడు వారాలూ వాడు లోపల్లోపల కుమిలిపోతున్నాడు. చివరికి వాడి స్నేహితుడి తల్లి ఫోన్ చేసింది. మా వాడి ఖాతా నుంచి వాళ్ళబ్బాయికి అదే సందేశం వచ్చిందట, అదే గీత పంపమని. వాడి స్నేహితుల్లో ఇద్దరు పంపేశారు కూడా, అడిగింది తెలిసినవాడే కదా అని.

నేను అరిచాను. చాలాసేపు అరిచాను. "అంత స్పష్టంగా ఇవ్వొద్దని రాసి ఉంటే నీ కళ్ళేమయ్యాయి?" అన్నాను. వాడు తల ఎత్తకుండా, "నువ్వు కూడా వార్నింగ్ వస్తే, అదెప్పుడూ అలాగే అంటుందిలే అని నొక్కేస్తావు కదా అమ్మా" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. ఆ ఏడాది మన సంఘం పత్రిక పేజీలు పెట్టింది నేనే. దానికి వాడిన సాఫ్ట్‌వేర్ క్రాక్ చేసింది. యాంటీవైరస్ ఎర్రగా అరుస్తుంటే, పక్కన వాడు హోంవర్క్ చేసుకుంటుండగానే, ఆపి, ఇన్‌స్టాల్ చేసి, మళ్ళీ ఆన్ చేశాను. "అదెప్పుడూ అలాగే అంటుందిలే" అన్నది నా మాటే. నా గొంతుతోనే అప్పజెప్పాడు.

మన ఇళ్ళలో ఇది అలవాటు. చదువుకునే రోజుల్లో కొనే స్తోమత లేక, స్నేహితుడు ఇచ్చిన డిస్కులోంచి ఎక్కించుకుని కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళం మనలో ఎందరో ఉన్నాం. ఆ డిస్కు లేకపోతే నాకు ఈ ఉద్యోగమే లేదు. అందుకే ఆ అలవాటును తిట్టాలంటే నాకు నోరు రాదు. కానీ స్తోమత వచ్చాక కూడా వదల్లేదు. కొత్త సినిమా లింకు గ్రూపులో పడితే ఎక్కడిదని ఎవరం అడగం. అందులోనే పిల్లలకు నిజాయితీ మీద ఫార్వర్డ్ మెసేజ్‌లు పంపుతాం. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో క్రాక్ ఒక్కటీ లేని ఇల్లు ఎన్ని ఉంటాయి? క్రాక్‌లో వచ్చేవీ, చీట్‌లో వచ్చేవీ ఆ రెడ్‌లైన్, ఆ లుమ్మా లాంటివే.

అలాగని పిల్లాడి తప్పేమీ లేదనను. చీట్ చేయడం తప్పే. ఎదురుగా ఆడుతున్నవాడు కూడా ఒక పిల్లాడే, వాడు గంటలు గంటలు సాధన చేసి వచ్చాడు. గోడలోంచి చూసి కాల్చినప్పుడు వాడి ఆటను దొంగిలించినట్టే. అక్కడ మొదలై ఎక్కడికో పోయినవాళ్ళూ ఉన్నారు. చీట్ సైట్లు, గేమ్‌లను సొంతంగా మార్చుకునే మాడ్ల ఫోరమ్‌లలో మొదలై కొందరు పిల్లలు సైబర్ నేరాల దాకా వెళుతున్నారని బ్రిటన్ జాతీయ నేర విభాగం 2017లోనే ఒక నివేదికలో చెప్పింది. 2016లో ఇంటర్నెట్‌ను వణికించిన మిరాయ్ అనే దొంగ ప్రోగ్రామ్ వెనక ఉన్నది ముగ్గురు కుర్రాళ్ళు. మైన్‌క్రాఫ్ట్ అనే గేమ్ సర్వర్లు నడిపేవాళ్ళ మధ్య పోటీ అందులో పెద్ద పాత్ర వహించింది. 2017లో ముగ్గురూ నేరం ఒప్పుకున్నారు. అయితే ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చూడండి. వాళ్ళు దర్యాప్తు అధికారులతో కలిసి పనిచేసి ఇతర కేసుల్లో సాయపడ్డారు. 2018లో అమెరికా కోర్టు వాళ్ళను జైలుకు పంపలేదు. ఐదేళ్ళ ప్రొబేషన్ (జైలు బయటే కోర్టు పర్యవేక్షణలో ఉండడం), ఒక్కొక్కరికి 2,500 గంటల సమాజ సేవ వేసింది. ఇంటర్నెట్‌ను కూలదోసినవాళ్ళకే కోర్టు ఇంకో దారి చూపించింది. గోడ వెనక ఎవరున్నారో చూద్దామనుకున్న పదమూడేళ్ళవాణ్ణి మనం వేదిక ఎక్కించాం.

హ్యాకింగ్ టూల్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యువజన విభాగంలో ఇద్దరు ముగ్గురు పిల్లలకు అటు ఆసక్తి ఉందని నాకు తెలుసు, మంచి తెలివైనవాళ్ళు. వాళ్ళ కోసం వేసిన వలలు విడిగా ఉన్నాయి. ఎదుటివాడి కంప్యూటర్‌లోకి దూరే ఎక్స్‌వార్మ్ అనే టూల్ ఉచితం అని పంచితే, దింపుకున్నవాళ్ళ కంప్యూటర్‌లోకే ఎవరో దూరారు. అలా 18,459 పరికరాలు చిక్కాయని 2025లో క్లౌడ్‌సెక్ సంస్థ లెక్కగట్టింది. అదే ఏడాది సోఫోస్ సంస్థ, ప్రోగ్రామర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో ఒకే ముఠాకు సంబంధించినవిగా కనబడ్డ 141 ప్రాజెక్టులు విప్పి చూస్తే, 133లో దొంగ తలుపు ఉంది. వాటిలో సగానికి పైగా గేమ్ చీట్‌ల పేరుతో పెట్టినవే.

ఇలాంటి వలలకు పిల్లల్నే ఎందుకు ఎంచుకుంటారు? డబ్బు పెద్దవాళ్ళ దగ్గర ఉంటుంది కదా. ఒకటి, ఇంట్లో కంప్యూటర్ ఒకటే, పిల్లాడు తెరిచిన తలుపులోంచి నాన్న ఖాతా కనబడుతుంది. రెండోది నాకు ఇంకా ముఖ్యం. చీట్ కోసం పోయి మోసపోయినవాడు ఫిర్యాదు చేయలేడు. గేమ్ కంపెనీకి చెబితే ఖాతా నిషేధిస్తారు. స్నేహితులకు చెబితే నవ్వుతారు. అమ్మానాన్నలకు చెబితే తంతారు, కనీసం కంప్యూటర్ లాక్కుంటారు. నోరు మూసుకుని ఉంటాడని దొంగకు ముందే తెలుసు. వాడికి కావాల్సిందల్లా ఆ మౌనం, ఒక రాత్రో ఒక పగలో.

మన విషయంలో ఆ పగలు దొరికింది. చీట్ రన్ చేసింది శుక్రవారం రాత్రి. శనివారం పొద్దున్నే పిల్లాడు డిస్కార్డ్ తెరిస్తే, తను పంపని సందేశాలు తన పేరుతో స్నేహితులకు వెళ్ళి ఉన్నాయి. ఏదో జరిగిందని వాడికి అప్పుడే అర్థమైంది. ఛానల్ పోయింది శనివారం రాత్రి. మధ్యలో పన్నెండు గంటలకు పైగా ఉంది. ఆ పొద్దున్న "నాన్నా, నేనొక తప్పు చేశాను" అని ఉంటే, ఫోన్ నుంచి అన్ని ఖాతాలూ లాగౌట్ చేసి పాస్‌వర్డ్‌లు మార్చడానికి అరగంట చాలు. ఎందుకు చెప్పలేదురా అని అడిగాను. "నాన్న తిడతారని కాదు ఆంటీ, అందరికీ చెప్తారని" అన్నాడు.

అందరికీ చెప్పించాం కదా, మైకులో.

సభ అయ్యాక బయట కార్ల దగ్గర ఒకావిడ నాతో అన్నారు, వాళ్ళమ్మాయి కారెక్కుతూ "ఇలాంటిది నాకు జరిగితే నేనైతే ఎప్పటికీ చెప్పను" అందట. ఆ పిల్లకు పన్నెండేళ్ళు. ఆ హాల్లో పిల్లలు నలభై మంది దాకా ఉన్నారు. వాళ్ళు ఆ రోజు నేర్చుకున్నది చీట్ చేయకూడదని కాదు, దొరక్కూడదని, నోరు విప్పకూడదని.

అధ్యక్షులు గారికీ, కార్యవర్గానికీ నా మనవి. సమావేశం మినిట్స్‌లో ఆ పిల్లాడి పేరు ఉంది, ముందు అది తీయించండి. సంఘం ఖాతాలు ఎవరింటి కంప్యూటర్‌లోనూ తెరిచి ఉండకుండా ఏర్పాటు చేయండి. పిల్లలు ముట్టుకునే కంప్యూటర్‌లో మన బ్యాంకు, మన మెయిల్, సంఘం ఛానల్ కలిపి ఉంచింది పెద్దవాళ్ళం, ఆ తప్పు వాడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు. తల్లిదండ్రులకు ఒక గంట నాకివ్వండి. పిల్లలకు అడ్మిన్ హక్కు లేని ఖాతా విడిగా ఎలా పెట్టాలో, ఇలాంటిది జరిగితే మొదటి గంటలో ఏం చేయాలో చూపిస్తాను. చీట్ అయినా క్రాక్ అయినా, యాంటీవైరస్ ఆపమని అడిగిన క్షణమే ఎందుకు ఆగిపోవాలో కూడా చెబుతాను, మా ఇంటి సంగతితో సహా. పిల్లలకు మాత్రం ఒకటే చెప్పండి, ఏం చేసినా సరే అదే రోజు వచ్చి చెబితే మనం తిట్టబోమని. చెప్పాక మాట మీద నిలబడండి. నాకూ కష్టంగానే ఉంది, మా వాడిని అడగండి.

ఇంకొకటి. పిల్లల నాటకాల రిహార్సల్స్‌లో రెండేళ్ళుగా సౌండ్ బోర్డు చూసేది ఆ పిల్లాడే. మైకు తీగలు ముడిపడకుండా చేతికి చుట్టి, ఏది ఎవరిదో టేపు మీద పేరు రాసి పెట్టేది వాడే. ఆ సమావేశం తర్వాత మూడు ఆదివారాలు రాలేదు. వచ్చే ఆదివారం ఎలాగైనా తీసుకొస్తానని వాళ్ళమ్మ నాతో అంది. వస్తే దయచేసి ఎవరూ ఆ సంగతి ఎత్తకండి, ఓదార్చడానికైనా సరే. బోర్డు దగ్గర వాడి కుర్చీ వేసి ఉంచండి. తీగలన్నీ ఇప్పుడు ఒకే పెట్టెలో చిక్కుపడి ఉన్నాయి, ఆ పెట్టె వాడి ముందు పెట్టండి.